ఎదురింటి సలాం

ముందే చెబుతున్నాను, ఇది పగ కథ. అన్నదమ్ముల పగ. ఇందులో ఒక హత్య ఉంది, జైలు ఉంది, మంచంలో పడి కొడుకు కోసం గుమ్మం వంక చూసిన తల్లి ఉంది, పరుపులు కుట్టే సూది చేతబట్టి ఒట్టేసిన అక్క ఉంది. తెనాలిలో రాజుకుని బాపట్లలో మండి రేపల్లెలో చల్లారిన నిప్పు ఉంది. దమ్మున్న కవి చేతిలో పడితే పర్వాలకు పర్వాలు సాగాల్సిన సరుకు. తీరా నేను రాద్దామని కూర్చుంటే తేలిందేమిటంటే, అంత లేదు. యుద్ధం లేదు, శపథం తీరాక జుట్టు ముడి వేసుకోవడాలు లేవు. ఎదురెదురుగా రెండిళ్ళు, మధ్యన ఒక ఆటో పట్టేంత సందు, ఒక పలకరింపు, ఇంతే. పురాణం కోసం ఎక్కినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు, తర్వాత బండి ఆగదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న పొద్దున తెనాలి స్టేషన్ దగ్గర టిఫిన్ హోటల్లో ఇడ్లీ కోసం కూర్చుని పేపరు తిరగేస్తుంటే, పేజీ నిండా పరుచుకున్న ప్లాట్ల ప్రకటన పక్కన అగ్గిపెట్టెంత వార్త కనిపించింది: పెరోల్ నిబంధనలు మార్చే ఆలోచనలో ఉన్నారట, విడుదలైన ఖైదీలకి కొన్నాళ్ళు తలదాచుకునే చోటు చూపించే సంగతి కూడా పరిశీలిస్తున్నారట. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా పేపర్లోకి తొంగి చూసి, "బయటున్నోళ్ళకే కొంపల్లేవు, లోపలున్నోళ్ళకి కట్టిస్తారంటండీ!" అని ఇంకాస్త చట్నీ వేయించుకున్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. అదే మా అమ్మీ, అంటే అమ్మ, అయితే సాంబారు పోసేది, ఆయన ప్లేటులో కాదు.

జ్ఞాపకాలు రాయాలంటే జుట్టు నెరవాలంటారు. నాది నెరవకుండానే ఊడిపోతోంది కాబట్టి సగం అర్హత ఉందనుకుంటాను. నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మనం డిగ్రీ పాసై బయటికొచ్చిన రోజుల్లో అద్దె ఇల్లు కావాలంటే ఫోన్లో వేలు జరిపితే దొరికేది కాదు, అట్టముక్క మీద సుద్దతోనో బొగ్గుతోనో 'టు లెట్' అని రాసి గేటుకి కట్టేవాళ్ళు, ఆ అట్ట వానకి తడిసి అక్షరాలు కారిపోతే ఇల్లు నిండిపోయిందనుకుని జనం వెళ్ళిపోయేవాళ్ళు. ఆ అట్టల వెంట తిరగడమే నా మొదటి ఉద్యోగం. ఇళ్ళ బ్రోకర్ని. మా అబ్బాకి, అంటే నాన్నకి, తెనాలిలో పరుపుల కొట్టు ఉండేది. దూది నా ముక్కుకి పడదని తుమ్మి తుమ్మి నిరూపించుకుని, పాత స్కూటరొకటి వేసుకుని ఊరి మీద పడ్డాను. అద్దెకిచ్చేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "మీరేవిఁట్లండీ?" అనేది. నా పేరు చెప్పగానే వాళ్ళ మొహాల్లో ఒక మర్యాద పుట్టుకొచ్చేది చూడండి, అంత మర్యాద నేను పెళ్ళివారింట్లో కూడా చూడలేదు. "మాకేం పట్టింపు లేదు బాబూ, పైన పూజ గది ఉందని గానీ..." అనేవాళ్ళు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళ మీద పూజ గదులున్నాయో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

సరే, అసలు సంగతి. మా అమ్మీకి ఒక అన్న, ఒక తమ్ముడు. పెద్దమామూకి బాపట్లలో ఇనప సామాన్ల కొట్టు, మసీదు కమిటీలో పెద్దమనిషి, అత్తరు వాసన ముందొచ్చి ఆయన తర్వాత వచ్చేవాడు. చిన్నమామూ తెనాలిలో ఆటో తోలేవాడు. నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం ఆటో స్టాండులో సీరియల్ దగ్గర, అంటే ఎవరి బండి ముందన్న వంతు దగ్గర, మాటా మాటా పెరిగి, చేతికి దొరికిన జాకీ రాడ్డుతో ఒకణ్ణి కొట్టాడు. వాడు చనిపోయాడు. ఇందులో తిరకాసులేవీ లేవు. సినిమాల్లోలా కొట్టింది ఇంకొకడు కాదు, చిన్నమామూయే కొట్టాడు, తనే ఒప్పుకున్నాడు, యావజ్జీవం పడింది. చనిపోయినవాడి పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆవిడ మా మొహాన ఉమ్మేసినా తుడుచుకోవడమే మా పని అని మా నానీ, అంటే అమ్మీవాళ్ళ అమ్మ, అనేది.

పెద్దమామూకి మాత్రం ఇద్దరు కూతుళ్ళు పెళ్ళికి ఎదుగుతున్నారు. అందుకని ఆయన బాపట్లలో ఒక మాట వ్యాపింపజేశాడు: తమ్ముడు గల్ఫ్ వెళ్ళాడు. ఎవరు అడిగినా మస్కట్ అనేవాడు, వేసవిలో అయితే "పాపం, అక్కడ ఎండలు" అని కూడా అనేవాడట.

తర్వాత నానీ మంచాన పడింది. బాపట్లలో, పెద్దమామూ ఉండే ఆ సొంత ఇంట్లోనే. కాలూ చెయ్యీ ఒకవైపు పడిపోయాయి, మాట ముద్దగా వచ్చేది, అందులో అర్థమయ్యేది ఒక్క చిన్నమామూ పేరే. చిన్నమామూ జైల్లో పెరోల్‌కి అర్జీ పెట్టుకున్నాడు. పెరోల్ అంటే తెలుసుగా, మంచి నడవడి ఉన్న ఖైదీని కొన్నాళ్ళు ఇంటికి పంపి మళ్ళీ వెనక్కి రమ్మనడం. దానికి ముందు పోలీసులు ఆ ఇంటికొచ్చి విచారిస్తారు: ఈయన ఇక్కడ ఉంటాడా, మీకు సమ్మతమేనా, చుట్టుపక్కల ఎవరికైనా ఇబ్బందా అని. మా ఇంటి అడ్రస్ ఇద్దామని అమ్మీ మా ఓనర్ని అడిగితే, "అమ్మా, మీరంటే నాకు గౌరవమే, ఆ గౌరవం నిలబడాలంటే ఇల్లు ఖాళీ చెయ్యండి" అన్నాడు. అద్దె కొంపలో బతికేవాళ్ళకి ఎన్ని ఉన్నా, జైల్లో మనిషిని పిలిపించుకునే అడ్రస్ ఉండదని మాకు ఆ రోజే తెలిసింది. కాబట్టి బాపట్ల సొంత ఇంటి అడ్రసే ఇచ్చారు. కొన్నాళ్ళకి జవాబొచ్చింది, స్థానిక విచారణ అనుకూలంగా లేదు, అని. ఎవరు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో ఏమీ లేదు. మళ్ళీ అర్జీ, మళ్ళీ అదే జవాబు. ఆ మధ్యలో నానీ పోయింది. పెద్దమామూ జనాజా దగ్గర కళ్ళొత్తుకుంటూ, "తమ్ముడికి సెలవు దొరకలేదు" అని వచ్చినవాళ్ళకి చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. దొరక్కుండా చేసింది ఎవరన్నది ఒక్కటే ఆయన చెప్పలేదు.

ఆ ఒక్కటీ మాకు చాలాకాలం తర్వాత, పరుపుల కొట్లో తెలిసింది. రిటైరైన కానిస్టేబులొకాయన పరుపు కుట్టించుకోవడానికి వచ్చాడు. అమ్మీ నేల మీద కూర్చుని జానెడు సూదితో పరుపు అంచు కుడుతోంది, నేను ఎవరికో ఇల్లు చూపించి వచ్చి మంచినీళ్ళు తాగుతున్నాను. మాటల్లో మాట వచ్చి, పుట్టిల్లు బాపట్ల అని అమ్మీ అంటే, ఏ సందు, ఏ ఇల్లు అని అడిగి, ఆయన కాసేపు పైకి చూసి, "ఆ ఇనప కొట్టాయన చెల్లెలివా? ఆ జైలు కేసు విచారణకి వచ్చింది నేనేనమ్మా" అన్నాడు.

అమ్మీ కుట్టడం ఆపలేదు. "సందులో ఎవరు వద్దన్నారన్నా?" అంది.

"సందులో ఎవరంటారమ్మా, ఎవరికి పట్టింది? మీ అన్నగారే. వాడొస్తే ఊళ్ళో గొడవలవుతాయి సార్, రానివ్వద్దు, రాసేసుకోండి అన్నాడు. రెండోసారీ అంతే." ఆయన అక్కడితో ఆపితే బాగుండేది. కానీ రిటైరైన మనిషికి వినేవాళ్ళు దొరకడం కష్టం కదా, ఇంకా చెప్పాడు. "లోపలి గదిలో ముసలావిడ ఉన్నట్టుంది. నా బూట్ల చప్పుడుకి కాబోలు, వచ్చాడా? వచ్చాడా? అని ఒకటే అడుగుతోంది. మీ అన్న, కరెంటు బిల్లువాడమ్మీ, పడుకో, అన్నాడు."

సూది ఆగింది. ఆ సూది ఎంత పొడవో నాకు తెలుసు కాబట్టి కానిస్టేబులుగారి గురించి నాకు కాస్త బెంగ కలిగింది. అమ్మీ దారం కొరికి, ఆయన పరుపు కొలతలు అడిగి పంపేసింది. వెళ్ళాక ఆ సూది చేతబట్టి నాతో అంది, "ఒరేయ్, నా తమ్ముడు రేపోమాపో బయటికొస్తాడు. వాడు ఉండాల్సింది తెనాలిలో కాదు. మా అన్న గుమ్మానికి ఎదురుగుమ్మంలో. పొద్దున్నే ఆయన తలుపు తీస్తే మొదట వాడి మొహం కనపడాలి. కళ్ళు మూసినా వాడే కనపడాలి. బ్రోకరువి కదా, ఇల్లు చూడు."

ఇంత భయంకరమైన ఒట్టు వేసిన మనిషి ఆ వెంటనే లేచి, పొయ్యి మీద పప్పు మాడుతోందని పరిగెత్తడం ఆ సన్నివేశానికి కొంత నష్టం చేసింది. పప్పు నిజంగానే మాడింది.

చిన్నమామూ విడుదలై వచ్చాడు. వచ్చేటప్పుడు ఆయన దగ్గరున్నది ఒక సంచీ, జైల్లో నేర్చిన నేతపని, సూర్యుడుండగానే అన్నం తినే అలవాటు. సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉండగానే ఆకలేసి కూర్చునేవాడు, మేం తినే వేళకి ఆయనకి ఒక నిద్ర అయిపోయేది. ఎక్కడికి వెళ్తావు, ఎక్కడ ఉంటావు అని ఆయన్ని గేటు దగ్గర ఎవరూ అడగలేదట. లోపలున్నన్నాళ్ళూ ఎక్కడ ఉంటాడని అంత విచారించినవాళ్ళు, తీరా బయటికి పంపేటప్పుడు ఆ ఊసే ఎత్తలేదు. మా ఓనరుతో గొడవెందుకని అబ్బా ఆయన్ని కొట్లోనే దూది బస్తాల మధ్య పడుకోబెట్టాడు. జైలు నుంచి వచ్చి అంత మెత్తటి చోట పడుకున్న మనిషి మరొకడు ఉండడు, కాకపోతే ఆయనా నాలాగే తుమ్మేవాడు. తుమ్ము మా మేనమామల పోలిక.

బాపట్ల సందు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఎక్కడో ఒకచోట నీడ అనుకుని నేను ఇళ్ళు వెతకడం మొదలుపెట్టాను. నా వృత్తి జీవితంలో అంత గొప్ప అపజయం మళ్ళీ లేదు. తెనాలిలో ఒకాయన అంతా విని, "నాకు అభ్యంతరం లేదయ్యా, మా కుక్క కొత్తవాళ్ళని ఒప్పుకోదు" అన్నాడు. కుక్క నా కాళ్ళ దగ్గర వెల్లకిలా పడుకుని ఉంది. రేపల్లెలో స్టేషనుకి దగ్గర్లో ఒక గది కుదిరింది, అడ్వాన్సు పుచ్చుకున్నారు, చిన్నమామూ సంచీతో సహా పాసింజరెక్కి వెళ్ళాడు. ఆ ఓనరు చాలా మంచివాడు, జైలు అని తెలిసినా "కాలం కలిసి రాకపోతే ఎవరికైనా అంతే" అన్నాడు. అద్దెకున్నవాళ్ళ వివరాలు పోలీస్ స్టేషన్లో ఇచ్చి రావాలనేసరికి ఆయన మంచితనం గుమ్మం దాటి రాలేదు. చిన్నమామూ అదే పాసింజర్లో, తిరుగు ప్రయాణంలో, వచ్చేశాడు. "ఊరు బాగుంది. కిటికీ పక్కన సీటు దొరికింది," అన్నాడు.

అప్పుడు వెళ్ళాను కర్లపాలెం. పెద్దమామూ ఇంటికి సరిగ్గా ఎదురిల్లు కర్లపాలెం మామ్మగారిది. వాళ్ళు తరాల నుంచి భూములున్నవాళ్ళు, పిల్లల చదువులకని ఎప్పుడో బాపట్లలో కట్టుకున్న ఇల్లది, పిల్లలు వ్యాపారాల్లోకి వెళ్ళిపోయాక తాళం పెట్టేశారు. మామ్మగారు వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. అప్పటికి నేను అబద్ధాలాడి అలసిపోయి ఉన్నాను కాబట్టి నిజం చెప్పేద్దామనుకున్నాను.

"ఉండబోయేది మా చిన్నమామూ అండీ. జైలు నుంచి వచ్చాడు."

"ఏం చేసి?"

"ఒకణ్ణి కొడితే చచ్చిపోయాడండి."

"కోపిష్టా?"

"అప్పట్లోనండి. ఇప్పుడు దోమని కూడా తోలతాడు, కొట్టడు."

ఆవిడ ఒక పిక్క తీసి చేటలో పడేసింది. "ఎదురింటి ఇనప కొట్టాయనకి తెలుసా ఈ సంగతి?"

"ఆయన సొంత తమ్ముడేనండీ. ఆయనకి సుతరామూ ఇష్టం లేదు."

చేతులాగిపోయాయి. "ఇష్టం లేదూ?"

"అసలు లేదండి. ఊళ్ళోకి రానివ్వకూడదని పోలీసులకి కూడా చెప్పాడు."

ఆవిడ మొహం మీద దీపావళి వెలుగు వచ్చింది. తర్వాత తెలిసింది, పెద్దమామూ తన గుమ్మం ముందు సందు సగం మేర సిమెంటు గట్టు పోయించుకున్నాడట. అప్పట్నించి వానపడితే సందులో నీళ్ళన్నీ ఈవిడ వరండాలోకి వచ్చి ఆగేవి. అడగబోతే, "వరుణదేవుణ్ణి అడగండి" అన్నాడట. ఒక సాయిబు నోట వరుణదేవుడి పేరు విని ఆవిడ మామూలుగా అయితే సంతోషించాల్సింది. "నా వరండాలో చేపలు పట్టుకోవచ్చురా అబ్బాయ్, అలా చేశాడు," అంది. "తాళంచెవి ఆ గూట్లో ఉంది, పట్టుకెళ్ళు. మీ మామయ్యని ఆ వరండాలో బాగా కనపడేట్టు కూర్చోమను."

ఇక్కడ ఒక్క క్షణం నవ్వకుండా మాట్లాడతాను, తర్వాత మీ ఇష్టం. దయగలవాళ్ళ దగ్గరికి వెళ్ళాను, భక్తి గలవాళ్ళ దగ్గరికి వెళ్ళాను, పుస్తకాలు చదివినవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. జైలు నుంచి వచ్చిన మనిషికి వీళ్ళెవరూ ఇవ్వని ఇల్లు పగ ఇచ్చింది. అప్పట్నించి నేను పగని తక్కువ చేసి మాట్లాడను.

చిన్నమామూ బాపట్లలో దిగిన రోజున అమ్మీ మొదటి దెబ్బ సిద్ధం చేసి ఉంచింది. సందు మొదట్లో టీ కొట్టు ఉంది, అక్కడ కూర్చుని, గల్ఫ్‌లో కాదు జైల్లో ఉన్నానని నలుగురికీ వినపడేట్టు చెప్పాలి, పెద్దమామూ ఇన్నేళ్ళు కట్టిన మస్కట్ కోట కూలిపోవాలి. చిన్నమామూ వెళ్ళి, చెప్పినట్టే చెప్పాడు. టీ కొట్టాయన గ్లాసు కడుగుతూ, "తెలుసులే భాయ్, పంచదార వెయ్యనా?" అన్నాడు. సందు మొత్తానికి ఎప్పుడో తెలుసట. పెద్దమామూ ముఖం చూసి తెలియనట్టు నటించడం ఆ సందు మర్యాద. కూతుళ్ళ పెళ్ళివారికి కూడా తెలుసట. అంటే ఆ మనిషి ఎవరి దగ్గర దాచడానికి కన్నతల్లి దగ్గర కొడుకుని దాచాడో, వాళ్ళందరికీ ముందే తెలుసు. ఈ మాట విని అమ్మీ ఒక పూట అన్నం తినలేదు. దెబ్బ తప్పిపోయినందుకని మేం అనుకున్నాం. కాదు.

రెండో దెబ్బ చిన్నమామూది. అది ఎవరూ నేర్పలేదు. మాలో సలాం చెప్పడం సున్నత్, అంటే చేస్తే పుణ్యం, చెయ్యకపోతే ఎవరూ పట్టుకోరు. కానీ చెప్పిన సలాంకి జవాబివ్వడం వాజిబ్, తప్పనిసరి. ఎదుటివాడు ఎంత చెప్పాడో అంత, వీలైతే ఇంకాస్త కలిపి ఇవ్వాలి. ఈ పాఠం నాకు చిన్నప్పుడు చెవి మెలిపెట్టి మరీ చెప్పింది పెద్దమామూయే. అంటే ఏమిటన్నమాట, మీకు గిట్టనివాడు వచ్చి మీకు శాంతి కలగాలని దీవిస్తే, మీరూ వాడికి శాంతి కలగాలని నోరారా దీవించి తీరాలి. శత్రువుని హింసించడానికి ఇంత మర్యాదైన పద్ధతి ఇంకెవరూ కనిపెట్టలేదు.

పొద్దున్నే పెద్దమామూ పాల ప్యాకెట్ కోసం తలుపు తీశాడు. ఎదురు వరండాలో చిన్నమామూ, అబ్బా పంపిన పరుపు దూది ఏకుతున్నవాడల్లా లేచి నిలబడి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, సందు చివరిదాకా వినపడేట్టు అన్నాడు: "అస్సలాము అలైకుం వ రహ్మతుల్లాహి వ బరకాతుహూ, భాయ్." శాంతి, దేవుడి కరుణ, దీవెనలు, ఒక్కటీ తగ్గించలేదు. సరిగ్గా అప్పుడే మసీదులో అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ అటుగా వెళ్తూ ఆగి, కమిటీ పెద్దమనిషి జవాబు కోసం ఆయన మొహం వంక చూశాడు. పెద్దమామూ, "వాలేకుం..." అని, పాల ప్యాకెట్ వంక చూస్తూ మిగతాది కూడా పూర్తిచేశాడు. ఆ రోజు ఆయన టీ తాగాడో లేదో నాకు తెలియదు.

అప్పట్నించి కొట్టుకి వెళ్తుంటే సలాం, వస్తుంటే సలాం, నమాజుకి వెళ్తుంటే సలాం. కోపం లేదు, వెటకారం లేదు, మొహాన నవ్వు కూడా లేదు. తిట్టుంటే తిరిగి తిట్టేవాడు, మీద పడుంటే కేసు పెట్టేవాడు. సలాంని ఏ సెక్షన్ కింద పెడతాడు? నేను వారానికోసారి ఏదో వంకతో బాపట్ల వెళ్ళి ఆ వరండాలో కూర్చునేవాణ్ణి. చూడముచ్చటగా ఉండేది. వానాకాలంలో మామ్మగారు కూడా ఒకసారి కర్లపాలెం నుంచి వచ్చి, కుర్చీ వేయించుకుని, మొత్తం చూసి, "మీలో ఇది భలే ఉందిరా అబ్బాయ్" అని మెచ్చుకుని వెళ్ళింది.

ఒక శుక్రవారం పెద్దమామూ ఎదురుదెబ్బ వేశాడు. జుమ్మా నమాజు అయ్యి జనం బయటికొస్తున్నారు, మసీదు మెట్ల దగ్గర చిన్నమామూ సలాం చెప్పాడు. పెద్దమామూ కళ్ళజోడు సర్దుకుని, ఎగాదిగా చూసి, పక్కవాళ్ళకి వినపడేట్టు, "ఎవరూ?" అన్నాడు.

జైల్లో ములాఖత్‌కి వెళ్ళినప్పుడు అమ్మీ కానిస్టేబులు మాటలు చిన్నమామూకి చెప్పిందని నాకు తెలుసు. ఆయన అప్పుడేమీ అనలేదనీ తెలుసు. ఇప్పుడు అన్నాడు, గొంతు ఏమాత్రం పెంచకుండా:

"కరెంటు బిల్లువాణ్ణి కాదు భాయ్. నేనే. వచ్చాను."

చుట్టూ ఉన్నవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. అర్థం కావలసిన ఒక్క మనిషికీ అర్థమైంది. పెద్దమామూ తన చెప్పులు వేసుకోబోయి ఎవరివో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట విని తెనాలిలో అమ్మీ ఏడ్చింది, తర్వాత బిర్యానీ చేసింది. చెప్పులవాడు మాత్రం సాయంత్రం దాకా వెతుక్కున్నాడు పాపం.

ఆ తర్వాత పెద్దమామూ ముందు తలుపు తీయడం మానేశాడు. వెనకవైపు మురిక్కాల్వ పక్కనుంచి, గేదెల కొట్టం దాటుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు. నమాజుకి రైలు గేటు అవతలి మసీదుకి మారాడు. ఆఖరికి రేపల్లెలో పెద్దకూతురింటికి మకాం మార్చేశాడు. సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించి, ఆయన డ్రైవరు పక్కన కూర్చుని ఉంటే చిన్నమామూ వరండాలో లేచి నిలబడి ఆఖరి సలాం చెప్పాడు. ఆయన అటు తిరిగి కూర్చున్నాడు. డ్రైవరు కుర్రాడు తనకే అనుకుని, "నమస్తే బాబాయ్" అన్నాడు.

మేం గెలిచాం. అమ్మీ ఆ ఖాళీ ఇంటి వంక చూస్తూ, "నీ కడుపు చల్లబడిందా?" అని తమ్ముణ్ణి అడిగింది. చిన్నమామూ దూది ఏకుతూనే అన్నాడు, "మన అమ్మ సమాధిలో అందరూ మూడేసి గుప్పిళ్ళ మట్టి వేశారు ఆపా. నా మూడు గుప్పిళ్ళూ ఆయన వెయ్యనివ్వలేదు. సలాంతో అది చల్లబడేదైతే నేను మొదటి రోజే ఆపేసేవాణ్ణి." మరి ఎందుకు చెప్పావురా ఇన్నాళ్ళు, అంది అమ్మీ. "ఆయనకి చల్లగా ఉండకూడదని," అన్నాడు. ఇంతకంటే సూటిగా మాట్లాడిన మనిషిని మా వంశంలో నేను చూడలేదు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు టు లెట్ అట్టలు లేవు, స్కూటరూ లేదు. ఓనర్లు ఫోన్లోనే అన్నీ అడిగేస్తున్నారు, పూజ గది ఉందన్న మొహమాటం కూడా పోయింది, పేరు చూసి వద్దని నొక్కేస్తే సరిపోతోంది. పరుపులు కంపెనీల నుంచి చుట్టలు చుట్టుకుని వస్తున్నాయి. విచారణకి మాత్రం ఇప్పటికీ ఒక మనిషి వస్తాడు, ఇప్పటికీ గుమ్మంలో నిలబడి అడుగుతాడు, ఇప్పటికీ ఎవడో ఒకడు తన అవసరం కొద్దీ ఒక మాట అనేస్తాడు, ఆ మాట లోపల మగ్గిపోతున్నవాడికి ఎవరూ చెప్పరు. నిబంధనలు మారిస్తే ముందు అది మార్చండయ్యా. వద్దన్నవాడెవడో, ఎందుకన్నాడో ఆ ఖైదీకి చెప్పండి, అతని జవాబు కూడా వినండి. చోటు కడితే కట్టండి, సంతోషమే. ఊరి బయట ఎక్కడో కాకుండా మనుషుల మధ్య కట్టండి, ఎదురు గుమ్మం ఉండేట్టు. చిన్నమామూ ఇప్పటికీ ఆ వరండాలోనే కూర్చుంటాడు. సందులో కొత్త కుర్రాళ్ళు చెవుల్లో వైర్లు పెట్టుకుని పోతుంటారు, సలాం చెప్పినా వాళ్ళకి వినపడదు. నిజం చెప్పొద్దూ, శత్రువు ఉన్న రోజుల్లోనే ఆ సందు బాగుండేది. జవాబైనా వచ్చేది.

పోయిన నెల ఒక ఇంటి బేరం మీద రేపల్లె వెళ్ళి, పెద్దమామూ ఓడిపోయి ఎలా ఉన్నాడో చూసి అమ్మీకి చెబుదామని వాళ్ళ కూతురింటికి వెళ్ళాను. ఆయన లోపల పడుకుని ఉన్నాడు. మా వదిన, అంటే ఆ పెద్దకూతురే, టీ ఇచ్చింది. బాపట్ల వదిలేసినందుకు మామూ బాధపడుతున్నాడా అని, నా గొంతులో సంతోషం తెలియకుండా అడిగాను. "బాధెందుకు, ఇప్పుడే హాయిగా ఉన్నారు," అంది. మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయట. ముందు వైపు మెట్లు దిగలేక వెనక తలుపున వెళ్ళేవాడట, గేటు అవతలి మసీదులో కుర్చీలో కూర్చుని నమాజు చెయ్యనిస్తారట. బాపట్ల ఇంట్లో ఉన్నది కింద కూర్చునే దొడ్డి. ఇక్కడ కమోడ్ ఉంది, పక్కన గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ కూడా బిగించారు.